ఇరవై రెండో ఓటు

అమెరికాలో మా జార్జియా రాష్ట్రంలోని డలోనెగాకి అందరూ బంగారం జల్లించడానికో, కొండల్లో ద్రాక్షతోటలు చూడటానికో వెళతారు. నేను ఎన్నికల్లో నిలబడటానికి వెళ్ళాను, గెలిచి వచ్చాను. ఎవరైనా కంగ్రాట్స్ చెబితే మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇది రాయకూడదనే అనుకున్నాను. కానీ ఇకముందు మనవాళ్ళు చాలామంది ఇలాంటి సభలకు వెళతారు, అందుకని దారీ చెబుతాను, నేను చేసిన పనీ చెబుతాను.

ఈసారి ప్రైమరీలో, అంటే పార్టీ లోపలి ఎన్నికలో, మా పార్టీ నుంచి అధ్యక్ష పదవికి ఇద్దరు హోరాహోరీగా పోటీపడ్డారు. ఎవరికీ సగం డెలిగేట్లు దాటలేదు. డెలిగేట్ అంటే జాతీయ సభకు వెళ్ళి అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధి. మా నియోజకవర్గంలో, ఆ ఇద్దరిలో మేం బలపరిచిన అభ్యర్థికి దక్కిన డెలిగేట్ సీట్లు రెండు. వాటికి పోటీలో ముగ్గురం మిగిలాం: నేను, ఒక లాయరు, మిస్ ఎవలిన్. ఆవిడ డలోనెగాలో నలభై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. పార్టీ కోసం ఎండనక వాననక తలుపులు తట్టింది, జాతీయ సభకు మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. రెండు వారాల ముందు ఆవిడే నాకు ఫోన్ చేసింది. "ఒక్కొక్కరు రెండు పేర్లు రాయొచ్చు హనీ. నావాళ్ళు నీ పేరు కూడా రాస్తారు, నీవాళ్ళు నా పేరు కూడా రాయాలి. సరేనా?" సరేనన్నాను. మాట ఇచ్చాను.

శనివారం ఉదయం ఏడున్నరకి మా ఊరు కమ్మింగ్ నుంచి ఐదు కార్లలో ఇరవైమందిమి బయల్దేరాం. జార్జియా 400 హైవే ఎక్కి ఉత్తరంగా పోవడమే, టోల్ లేదు. డాసన్‌విల్ ఔట్‌లెట్ మాల్ దాటాక కొండలు కనిపిస్తాయి. 400 అయిపోయిన చోట సిగ్నల్ దగ్గర ఎడమకు తిరిగితే ఇంకో పది నిమిషాల్లో ఊళ్ళో ఉంటారు. మొత్తం ముప్పావుగంట. చౌరస్తా చుట్టుపక్కల పార్కింగ్‌కి డబ్బులు తీసుకోరు గానీ తొమ్మిది దాటితే ఖాళీ దొరకదు. మా అమ్మాయి మేఘన డ్రైవ్ చేసింది. దానికి పంతొమ్మిదేళ్ళు, ఇదే మొదటి ఓటు. డిక్కీలో రెండు ట్రేల పులిహోర, నలభై ఐదు డాలర్లు ఒక్కోటి.

సభ జరిగే హాలు గుమ్మంలోనే మిస్ ఎవలిన్ నా చెయ్యి పట్టుకుని తన మనుషుల దగ్గరికి తీసుకెళ్ళింది. అందరూ అరవై దాటినవాళ్ళే. "ఇదిగో, నేను చెప్పిన అమ్మాయి. ఈమె పేరు స్పెల్లింగ్ తప్పు రాశారో, ఒక్కొక్కరి సంగతి చెబుతాను," అంది. పేపరు మీద నా పేరు పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది కూడా.

పది గంటలకి తలుపులు మూశారు. చీటీలు పంచుతుంటే మా రాజిరెడ్డి అన్న నన్ను కాఫీ బల్ల పక్కకి పిలిచాడు. తెలుగు సంఘం ఎన్నికల్లో పండిపోయిన మనిషి, ఐదు కార్లు నింపిందీ ఆయనే.

"చెల్లె, మనోళ్ళందరికీ సింగిల్ ఓటే, నీ పేరొక్కటే రాయమని చెప్పిన," అన్నాడు.

"అయ్యో అన్నా, ఆవిడకి మాటిచ్చాను కదా!"

"మాటిస్తే ఇచ్చినవ్ తియ్యి. సెకండ్ పేరు రాస్తే మన ఓటుతోని మనమే ఆమెను గెలిపిచ్చినట్టు. రేపు నువ్వు ఓడిపోతే నన్ను అనకు."

వద్దు అన్నా, రెండూ రాయమనండి అంటే సరిపోయేది. ఆయన వినేవాడే. నేను నోరు మూసుకున్నాను. నా చీటీ మీద నా పేరు రాసుకుని, రెండో గీత ఖాళీగా వదిలి, మడిచి డబ్బాలో వేశాను. ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాను కూడా. ఛీ, ఎంత సిగ్గుమాలిన పని!

నాకు నలభై ఒకటి. లాయరుకి ఇరవై మూడు. మిస్ ఎవలిన్‌కి ఇరవై రెండు.

ఆవిడతో కలిపి ఆవిడ మనుషులు ఇరవై ఒక్కరూ తు.చ. తప్పకుండా నా పేరు రాశారు. లాయరు మనుషులు ఇరవై ముగ్గురూ ఆ ఒక్క పేరే రాశారు. మేం ఇరవైమందిమీ ఆవిడ పేరు కూడా రాసినా నా నలభై ఒకటి నాకు ఉండేవి. ఇద్దరం గెలిచేవాళ్ళం. ఇంత చిన్న కూడిక నేను చీటీ వేశాక చేసుకున్నాను, బుద్ధి లేక. మిస్ ఎవలిన్ మాత్రం కాగితం నాప్కిన్ మీద పెన్సిల్‌తో ఆ లెక్క వేసింది. ఒకసారి మా బల్లల వైపు చూసింది. నాప్కిన్ మడిచి చేతిసంచిలో పెట్టుకుని లేచి నిలబడింది. అదే హాల్లో తమ ఎన్నిక ముగించుకున్న రెండో అధ్యక్ష అభ్యర్థి మనుషులు అప్పటికే వెనక వరసలో నవ్వుకుంటున్నారు. "ఈ ఎన్నిక ఏకగ్రీవమని రాసుకోండి. మనం ఒకళ్ళనొకళ్ళు పీక్కు తింటే నవంబరులో గెలిచేది అవతలి పార్టీ," అంది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, ఏం చెయ్యను.

భోజనాల దగ్గర పులిహోర ప్లేటు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ చెయ్యి చాచలేదు.

"నావాళ్ళు ఇరవై ఒక్కరు. నాకు వచ్చినవి ఇరవై రెండు. మీలో ఒక్కరు మాట నిలబెట్టుకున్నారు," అంది మెల్లగా. "నువ్వేనా?"

నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆవిడ ముఖం కాస్త తేరుకుంది. "అనుకున్నాను," అని ప్లేటు అందుకుని రెండు ముద్దలు తింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. డాసన్‌విల్ దాటాం. అప్పుడు మేఘన అంది: "అమ్మా, రాజిరెడ్డి అంకుల్ ఒకటే పేరు రాయి అన్నారు. నేను టూ నేమ్స్ రాశాను. మీరు ప్రామిస్ చేశారు కదా, ఫోన్‌లో విన్నాను. దట్స్ ఓకే, రైట్?"

ఓకేనే అన్నాను. ఎగ్జిట్ తీసుకుని వెనక్కి పోయి ఆవిడకి నిజం చెబుదాం అనడానికి కూడా ధైర్యం చాలలేదు.

తర్వాతి శనివారం ఒక్కదాన్నే మళ్ళీ అదే దారిలో వెళ్ళాను. మిస్ ఎవలిన్ వరండాలో ఉంది. నిలబడే చెప్పాను: ఆ ఓటు నాది కాదు, మా అమ్మాయిది. నేను తప్పుకుంటాను, సీటు మీరు తీసుకోండి. ఆవిడ కోప్పడితే బాగుండు అనిపించింది.

"తప్పుకుంటే ఎందుకని అడుగుతారు. కారణం బయటపడితే నావాళ్ళు నవంబరులో ఓటు వెయ్యకుండా ఇంట్లో కూర్చుంటారు," అంది. "నువ్వే వెళ్ళు. అక్కడ కూడా ఎవరో ఒకరు పక్కకి పిలిచి లెక్క చెబుతారు. అప్పుడేం చేస్తావో చూస్తాను, టీవీలో." లోపలికి వెళుతూ ఆగింది. "మీ అమ్మాయిని ఒకసారి తీసుకురా. నువ్వు రాకపోయినా సరే."

ఇప్పుడు జాతీయ సభకి నా పేరుతో బ్యాడ్జి వచ్చింది. వంటింట్లో ఫ్రిజ్‌కి తగిలించింది మేఘన. అక్కడి నుంచి తీయమనడానికి నాకు నోరు రాదు, చూడటానికి మనసొప్పదు. ఐక్యత అంటే చప్పట్లనుకునేదాన్ని. ఆ ముసలావిడ నా తప్పును తన చేతిసంచిలో దాచుకుంటేనే ఆ రోజు మా వర్గం ఒక్కటిగా నిలిచింది. ఆ రుణం నేను తీర్చగలిగేది కాదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. తొమ్మిదిలోపు చేరండి, ఐడీ కార్డు మర్చిపోకండి. చీటీ మీద రెండు గీతలుంటే, మాట ఇచ్చిన పేరు ముందు రాయండి. మీ పేరు తర్వాత.