తీగలకు అమ్మ పోసిన ఏడు

మొన్న కరెంటు పోయి ఫ్రిజ్‌లో మజ్జిగ పులిసిపోయింది. కోడలు పారబోయబోతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి, ఎల్బీనగర్‌లోని మా మూడో అంతస్తు వంటింట్లో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే నా చిన్ననాటి ద్రాక్షతోటలోకి పోయాను.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు ఉన్నచోటే ఆ తోట. నల్గొండ నుంచి పనికి వచ్చిన మా నాయిన, ఆయన తల్లి మా నాయినమ్మ, అందులోనే గుడిసె వేసుకుని పటేలు తోట చూసుకునేవారు. రాతి కడీల మీద తీగల పందిరి, నడి ఎండలో కూడా కింద పచ్చటి నీడ, తలకు తగిలేటట్టు అనాబ్‌షాహీ ద్రాక్ష గుత్తులు. వేసవిలో తీగలు కత్తిరించాక గొర్ల మందను తోటలో నిలిపేవారు. రాలిన ఆకంతా అవి మేసి, పెంటికలు వేసి, తోటంతా ఉన్ని వాసన నింపి పోయేవి. దానిమీద ఆముదపు చెక్క చల్లి, ఎండుగడ్డి కప్పి నీళ్లు పెడితే నేల గుల్లబారి, కాలు మెత్తగా దిగేది, వానపాములు పైకి తేలేవి. చెప్పులతో పాదుల దగ్గరికి ఎవరొచ్చినా నాయినమ్మ ఊరుకునేది కాదు, పండుకున్న పసిబిడ్డను తొక్కుతావా అనేది.

ఒక చలికాలం రోజుల తరబడి మబ్బు పట్టింది. కాయలు ఇంకా బఠానీ గింజంత ఉన్నాయి. పక్క తోట గుత్తులన్నీ బూడిద చల్లినట్టు తెల్లబారాయి. కిందటేడు మా పంట కూడా అట్లాగే పోయింది. ఈసారీ పోతే తోట కొట్టేసి ప్లాట్లు చేస్తానని పటేలు చెప్పి ఉన్నాడు. అప్పుడే మా అంచు వరుసలో ఒక గుత్తి మీద ఆ బూడిద కనిపించింది.

తీగలకు అమ్మ పోసిందన్నది నాయినమ్మ. ఒంటినిండా పొక్కులు లేచిన పిల్ల ఉన్న ఇంట్లో ఏమేం చేస్తారో తోటకు అవన్నీ చేసింది. దడికి వేపమండలు కట్టి బయటివాళ్లను ఆపింది. బూడిద పట్టిన గుత్తులు కోయించి తోట బయట కాల్పించింది. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చిన మజ్జిగ కుండల్లో పులియబెట్టి, నీళ్లు కలిపి, గుడ్డలో వడగట్టి, మంచు ఆరాక వేపమండతో ఆకు ఆకుకూ చిలకరించేది. నేను చెంబు పట్టుకుని వెంట నడిచేదాన్ని.

ఒక సాయంత్రం నాయిన పక్క తోటవాళ్లకు గుత్తులు కోయడంలో సాయం చేసి వచ్చాడు. నాయినమ్మ దడి దగ్గరే అడ్డం నిలబడింది.

"ఆడ్నే ఆగు కొడుకా. గా రోగమంత నీ అంగీ మీదున్నది. బాయి కాడ తానం చేసి రా."

"ఏందే అవ్వా, పీనుగను మోసొచ్చినట్టు తానమా? సలికి నేను సస్తె?"

"నువ్వు సస్తె ఈడ కూసోని ఏడుస్త. తీగె సస్తె మనం యాడికి పోయి ఏడుస్తం?"

నాయిన నవ్వుకుంటూ, వణుక్కుంటూ బావి దగ్గరికి పోయాడు. పొడి పంచె నేనే తీసుకుపోయి ఇచ్చాను.

కాయలు పండిన పొద్దున పందిరి కింద నిలబడి తలెత్తి చూశాను. అంచు వరుస తప్ప తోటంతా కడిగినట్టు ఉంది. ఎండ ఒక్కో కాయలోకి దూరి, లోపలి గింజలు నీడల్లాగా కనిపిస్తున్నాయి, చూపు ఆనినంత దూరం తలల మీద దీపాలు వెలిగించినట్టు. నాయినమ్మ చేతులు జోడించింది. తీగకో, నేలకో, అమ్మకో నాకు తెలియలేదు. పటేలు ఒక కాయ నోట్లో వేసుకుని, ఈ వేసవికి కూడా గొర్లవాళ్లకు కబురు పెట్టమన్నాడు.

ఆ తర్వాత ఎన్నో కాపులు చూసి నాయినమ్మ ఆ గుడిసెలోనే కన్నుమూసింది. పటేలూ పోయాక ఆయన కొడుకులు ప్లాట్లు చేశారు. కడీలు పెరికిన రోజు నేను అక్కడే ఉన్నాను, నేలమీద పడ్డ ఆకుల్లో ఒక్కదాని మీదా బూడిద మచ్చ లేదు. ఇప్పుడు ఆ తోట ఎరిగినవాళ్లు ఈ వీధిలో నేను తప్ప ఎవరూ లేరు. నిన్న కింద వాచ్‌మన్ ఎవరితోనో, ఇక్కడ ద్రాక్ష ఉండేదట, రోగమొచ్చి పోయిందట అంటుంటే, మెట్లు దిగుతున్నదాన్ని ఆగాను.

"రోగంతోని కాదు బిడ్డా. మంచిగున్న తోటనే కొట్టేసిన్రు."