మర్డక్ గెడ్స్ వెతికిన గొంతు

పోర్ట్ చామర్స్‌ రేవులో ఆదివారం మధ్యాహ్నం పాటలుంటే, హాలు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉండే మనిషి మర్డక్ గెడ్స్. పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న బ్యాండు కోసం కాదు. అన్నిటికంటే అడుగున, వాన పడితే ముందుగా కారిపోయే చిన్న అక్షరాలవాళ్ళ కోసం. మొదట వాయించే ఆ పిల్లల్ని వినడానికి ఎనిమిది మంది ఉంటే గొప్ప. అందులో నలుగురు వాళ్ళ అమ్మానాన్నలు, ఇద్దరు తర్వాత వాయించాల్సినవాళ్ళు, ఒకడు సౌండు చూసే హేమి. ఎనిమిదోవాడు మర్డక్. ఉన్ని టోపీ చెవుల మీంచి పైకి తోసి, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో ఇన్‌స్పెక్టరులా నిలబడేవాడు. పాట అయ్యాక వాళ్ళ ఆల్బం కొనేవాడు. ఆల్బం లేకపోతే క్యాసెట్. అదీ లేకపోతే, వేసినప్పుడు పంపమని చిరునామా రాసిచ్చేవాడు. పెద్ద బ్యాండు ఎక్కేసరికి ఆయన బస్సెక్కి డనీడిన్ ఇంటి దారి పట్టేవాడు.

ఆయన వృత్తి పియానోలకి శ్రుతి చేయడం. బళ్ళు, చర్చీలు, పల్లెల్లో ఊరందరి హాళ్ళు, పాలపొలాల మధ్య ఇళ్ళు, అన్నీ తిరిగాడు. నేనూ చాలా రేవులు తిరిగాను, పియానో శ్రుతి చేసేవాళ్ళని నాలుగు దేశాల్లో చూశాను. అందరికీ ఒకటే జబ్బు. తలుపు కిర్రుమన్నా అది ఏ స్వరమో వాళ్ళకి తెలియాల్సిందే. తెలియకపోతే అన్నం దిగదు. మర్డక్‌కి ఆ జబ్బు ముదిరి ఇరవై ఆరేళ్ళు బాధించింది. కారణం ఒక గ్రామఫోను డిస్కు.

తొంభై ఎనిమిది సెప్టెంబరులో, హాలు పైకప్పు బాగుకి డబ్బు పోగెయ్యడం కోసం ఒక రోజంతా పాటలు పెట్టారు. ఆ రోజుల్లో మర్డక్ అందరిలాగే పెద్ద బ్యాండు వేళకే వచ్చేవాడు. లోపలికి వస్తూ తలుపు దగ్గర బల్ల మీదున్న పెట్టెలోంచి ఒకటి తీసుకున్నాడు. పది పన్నెండు బ్యాండ్ల డిస్కులు కలగాపులగంగా పడేసిన పెట్టె అది. తెల్ల అట్ట. బంగాళాదుంప కోసి సిరాలో ముంచి అద్దిన బకెట్టు బొమ్మ. పేరు లేదు, ఊరు లేదు. పెద్ద పళ్ళెమంత డిస్కు, నాలుగు పాటలు. గాడి అయిపోయాక మధ్యలో మిగిలే నల్లటి ఖాళీలో ఎవరో మేకుతో గీరారు: "దూడలకి పాలు పోశావా?" డిస్కులు చేయించేవాళ్ళకి అలా ఏదో ఒకటి గీరడం సరదా.

ఇంటికెళ్ళి పెట్టాడు. మొదటి పాటలోనే ఒక మగగొంతు. బరువుగా, తొందరేమీ లేకుండా, మంచుపట్టిన మలుపులో లోడు లారీ దిగుతున్నట్టు ఒక్కో మాటా దింపుతోంది. ఏడవడం ఎప్పుడో మానేసినవాడి గొంతు. మాటలు సగం తెలియలేదు. అయినా మర్డక్ ఆ రోజు అదే పాట పదకొండుసార్లు విన్నాడు. ఆ మనిషెవరో తెలుసుకోవాలి, ఒక్కసారి ఎదురుగా నిలబడి వినాలి. ఆనాటి నుంచీ ఆయన కోరిక అంతే.

ఆధారాలు ఆయనే పోగుచేసుకున్నాడు. ఆ పాటలో గిటార్లు లోకంలోని ఏ పియానోకీ సరిపడవు. అరస్వరంలో అయిదో వంతు కిందికి ఉన్నాయి. "వీళ్ళు కుంగిపోయిన పాత పియానో పక్కన కూర్చుని తీగలు సరిచేసుకున్నారు" అని తేల్చాడు. డ్రమ్ముల తాళాల మోత చాలాసేపు నిలుస్తోంది. కాబట్టి గొర్రెలకి ఉన్ని కత్తిరించే, ఎత్తైన కప్పున్న షెడ్డులో రికార్డు చేశారు. దూడలంటే పాలపొలం. పాలపొలం, ఉన్ని షెడ్డు, అరస్వరంలో అయిదో వంతు కుంగిన పియానో, మధ్యవయసు మగవాడు. ఈ నాలుగూ ఉన్న ఇల్లు చుట్టుపక్కల ఓటాగోలోనో సౌత్‌లాండ్‌లోనో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా! చదువులేనివాడు పొరపాటు చేసి ఊరుకుంటాడు. చదువుకున్నవాడు దాని చుట్టూ ప్రహరీ కూడా కడతాడు.

వెళ్ళిన ప్రతి ఇంట్లో పియానో మూత తీస్తూనే అడిగేవాడు: "మీ వైపు బొంగురు గొంతు మనిషి, నిదానంగా పాడేవాడు, ఎవరైనా ఉన్నారా?" చర్చిలో పాడేవాళ్ళని చూపించారు. ఒక ఇంటివాళ్ళు పశువుల డాక్టరుని చూపించారు. కుంగిన పియానోలు బోలెడు దొరికాయి, ఆ మనిషి దొరకలేదు. పేరులేని బ్యాండ్లోనే ఉంటాడని, మొదట వాయించే బ్యాండ్ల కోసం తలుపు తీయకముందే రావడం అలవాటు చేసుకున్నాడు. ఆ గొంతు కోసం వచ్చి మూడు వందల బ్యాండ్లని విన్నాడు. వాటిలో సగం ఒక్క ఆల్బం వేసి ఆగిపోయినవే. వాళ్ళ పిల్లలకి కూడా గుర్తులేని పాటలు మర్డక్ అల్మారాలో ఉన్నాయి.

ఇక ఆనహేరా సంగతి. రొట్టెల దుకాణంలో పనిచేసే ఇరవై మూడేళ్ళ పిల్ల, గిటారు వాయిస్తుంది, పాడుతుంది. ముగ్గురి బ్యాండు, పేరు థర్డ్ పాడక్. మర్డక్ వాళ్ళ మొదటి ఆటకే ఎనిమిదోవాడిగా నిలబడ్డాడు కాబట్టి ఆయన్ని "కోరో" అని, తాతా అన్నట్టు, పిలిచేది. ఒకరోజు ఆయన ఇంట్లో టీ తాగుతూ ఆ పాట విని కప్పు కింద పెట్టేసింది. ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్ళి బ్యాండుకి నేర్పింది. హాల్లో పాడితే వెనక గోడ దగ్గరి కబుర్లు ఆగిపోయాయి. తమ మొదటి ఆల్బంలో వేసుకుందామనుకున్నారు, రికార్డు కూడా చేశారు.

"ఒకటే చిక్కు కోరో," అంది. "డిస్కులు అచ్చేసేవాళ్ళకి, పాట రాసినవాళ్ళు ఒప్పుకున్నట్టు సంతకం కావాలంట. నెలాఖరులోపు ఇవ్వకపోతే ఆ పాట తీసేసి మిగతావే అచ్చేస్తామన్నారు."

"ఇరవై ఆరేళ్ళు దొరకనివాడు ఇరవై రోజుల్లో దొరుకుతాడా?"

"దొరక్కపోతే మన పాట పోతుంది. మూడో చరణంలో మాటలు కూడా నేను ఏదో కల్పించి పాడేశా. నిజం మాటలేంటో డిస్కు పట్రా, మా మెషీన్లో విందాం."

మంగళవారం పొద్దున ఆయన డిస్కుని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాడు. ఆమె అంతకుముందే ఏదో చిన్న డిస్కు వింటోంది. అది తీసి ఇది పెట్టి ముల్లు దించింది.

ఒక ఆడపిల్ల గొంతు పరుగెత్తింది. ఇరవయ్యేళ్ళుంటాయేమో. వెనక ఎవరో తరుముతున్నట్టు, నవ్వాపుకుంటూ పాడుతోంది. డ్రమ్ములు గంతులేస్తున్నాయి.

"అయ్యో, వేరేది పెట్టానా?" అని ఆనహేరా లేచింది.

"ముట్టుకోకు." మర్డక్ మొహం పాలిపోయింది. "శ్రుతి కలిసింది."

"ఏంటీ?"

"గిటార్లు. సరిగ్గా ఉన్నాయి. ఎక్కడా కుంగలేదు. ఆ మీట ఎక్కడుందో చూడు."

మీట నలభై ఐదు మీద ఉంది. నిమిషానికి నలభై ఐదు చుట్లు, చిన్న డిస్కులు తిరిగే వేగం. పెద్ద డిస్కంటే ముప్పై మూడే అని మర్డక్ ఏనాడూ మీట ముట్టలేదు. అంత నిదానంగా తిరిగితే ఆడపిల్ల గొంతు కూడా మగగొంతులా బరువెక్కుతుంది. నాలుగు పాటలే ఉన్న పెద్ద డిస్కుల్ని కొందరు నలభై ఐదులో చేయిస్తారని ఆయనకి తెలుసు. అలాంటివి పదిహేను ఆయన దగ్గరే ఉన్నాయి. వాటి మీద రాసి ఉంది, దీని మీద లేదు, అంతే. కుంగిన పియానో, ఉన్ని షెడ్డు, మధ్యవయసు మగవాడు ఒక్క మీట కదలికతో మాయమయ్యారు. దూడలు మాత్రం మిగిలాయి.

ఆనహేరా నవ్వింది. ఆయన నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"నాకిది నచ్చలేదే పిల్లా," అన్నాడాయన మెల్లగా. "బాగుంది. కానీ నాకు నచ్చలేదు. మరి నేనిన్నాళ్ళూ విన్నది ఎవరిని?"

 ఆనహేరా హేమికి ఫోన్ చేయమంది. నలభై ఏళ్ళుగా ఆ హాల్లో సౌండు చూసేవాడు హేమి ఒక్కడే. మర్డక్ ఫోన్ చేసి అడిగాడు, ఆడపిల్ల, చురుగ్గా పాడేది, దూడల ఇల్లు అని.

"రోవీనా మక్లే," అన్నాడు హేమి వెంటనే. "క్లింటన్ ఊరి పిల్ల. అన్నా తమ్ముడూ వాయించేవాళ్ళు. పైకప్పు రోజు మొదట వాయించింది వాళ్ళేగా. నువ్వొచ్చేసరికి పాలు పితికే వేళయిందని వెళ్ళిపోయారు."

"ఒరేయ్ హేమీ, ఇరవై ఆరేళ్ళుగా అడుగుతున్నానే!"

"నువ్వడిగింది బొంగురు గొంతు మగాణ్ణి రా. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికేవాణ్ణి చూశాగానీ, ఆడపిల్లని పట్టుకుని మీసాల కోసం వెతికేవాణ్ణి నిన్నే చూడ్డం."

రోవీనాకి మర్డక్ ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"పియానో శ్రుతి చేసేవాణ్ణమ్మా, డనీడిన్ నుంచి."

"మా ఇంట్లో పియానో లేదండీ."

"తెలుసు. ఇవాళ పొద్దుటిదాకా ఉందనుకున్నా." తర్వాత గంటసేపు చెప్పాడు. 

"మా దగ్గర ఒక్క కాపీ కూడా లేదు," అందామె చివరికి. "పేరేం పెట్టాలని మేం ముగ్గురం కొట్టుకుని, ఏమీ లేకుండానే అచ్చేశాం. మీ పిల్లలు ఎలా పాడారో వినకుండా సంతకం పెట్టను. ఆదివారం వస్తా. రెండుంబావుకల్లా బయల్దేరాలి, ఆవులున్నాయి."

ఆదివారం నేనూ ఉన్నాను. హాల్లో ఫలహారం పంచే పని నాది, చీజ్ రోల్స్ పళ్ళెం నా చేతిలోనే ఉంది, ఎవరూ తీసుకోలేదు. రోవీనా పొలం కోటుతోనే వచ్చి గోడకి ఆనుకుంది. మర్డక్ ఎప్పటిలా ముందు వరసలో నిలబడలేదు. ఆమెకి రెండు మూరల దూరంలో నిలబడి, పాటనొదిలి ఆమె మొహమే చూస్తున్నాడు. ఆనహేరా పాట ఎత్తుకుంది. ఒక్కో మాటా దింపుతూ, అదే లారీ నడక. మొదటి చరణంలో రోవీనా నొసలు ముడిపడింది. రెండో చరణంలో నేల చూసింది. మూడో చరణం, ఇప్పుడు నిజం మాటలతో వచ్చింది. 'వాన ఆగేదాకా ఉండు' అనే మాట దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది.

పాట అయ్యాక ఆనహేరా కాగితం పట్టుకుని వచ్చింది.

"పెట్టను," అంది రోవీనా.

మర్డక్ గోడకి చెయ్యి ఆనించాడు.

"బాగాలేదా అక్కా?" అంది ఆనహేరా.

"బాగుంది. అదే గొడవ. ఇది నాది కాదు. రికార్డు చేసుకోవడానికి హాలు గంటసేపే ఇచ్చారు, ఇంటి దగ్గర దూడలున్నాయి, ఆ తొందరలో కట్టిన పాట నాది. 'వాన ఆగేదాకా ఉండు' అని నేను పాడితే, పో పో అన్నట్టుండేది. ఇది నిజంగా ఉండమంటోంది. నాది కానిదానికి నేనెలా సంతకం పెడతాను? దీన్నిలా నిదానం చేసిందెవరు?"

అందరం మర్డక్ వైపు చూశాం.

"నేనేమీ చేయలేదమ్మా. మీట చూసుకోలేదు."

"మా అన్నయ్య డ్రమ్ముల మీద అంతకంటే తక్కువే చేశాడు. ఇప్పటికీ పాట తనదేనంటాడు," అంది. "సరే, నిజం చెప్పండి. ఏది బాగుంది?"

మర్డక్ టోపీ తీసి చేతిలో నలిపాడు. అబద్ధం ఆడితే సంతకం దొరుకుతుందేమో. అది ఆ మొహంలో ఒక్క క్షణం కనిపించింది కూడా.

"నిదానమైనదే. క్షమించాలి."

"నాకు నాదే బాగుంది," అని ఆమె పగలబడి నవ్వింది. "అయితే పాటలు రెండన్నమాట. ఇలా ఇవ్వు పిల్లా." కాగితం మీద తన పేరు రాసి, దాని పక్కన మర్డక్ గెడ్స్ అని కూడా రాసి, కలం ఆయనకిచ్చింది. "మాటలూ వరసా నావి. నడక మీది. పెట్టండి."

ఆయన జీవితంలో వేల పియానోలు సరిచేశాడు, ఒక్క పాట మీదా ఆయన పేరు లేదు. సంతకం వంకరగా వచ్చింది.

రోవీనా గోడ గడియారం చూసి జేబులోంచి బండి తాళాలు తీసింది. ఆమె బండి దాకా మర్డక్ వెంట వెళ్ళాడు. ఆ డిస్కులో మిగతా మూడు పాటల గురించి అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. రెండో పాట చివర వినిపించే ఆ గరగర ఏమిటి, వెనకవైపు ఈల వేసిందెవరు. ఆమె ఇంజను స్టార్టు చేసింది. ఆయన కిటికీ వదల్లేదు.

"ఎక్కండి మరి," అంది. "క్లింటన్ దాకా గంటన్నర. దారంతా అడగండి. కానీ దిగాక బకెట్లు మొయ్యాలి."

ఆయన అటువైపు తిరిగి వెళ్ళి, తలుపు తీసి ఎక్కి, బెల్టు పెట్టుకోకముందే మొదలుపెట్టాడు.