నాకోసం విత్తకుండా వదిలిన నేల

ఆ రోజు విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాను. నిడుగల్లులో మే నెల ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో కూర్చుని కంబళి అడిగాను. మా అత్త నవ్వింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి నవ్వు మానేసింది.

వారమైనా జ్వరం దిగలేదు. మా ఆయన ఎద్దులబండి కట్టి పావగడ సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు నాలుక చూసి, పొట్ట నొక్కి, "టైఫాయిడ్. లిక్విడ్ డైట్ మాత్రమే" అన్నాడు. మూడు వారాలు గంజినీళ్ళతో గడిపాను. జ్వరం దిగిన మూడో రోజే, ముద్ద దిగితేగాని బలం రాదని మా అత్త రాగిసంగటి పెట్టింది. నేనూ ఆబగా తిన్నాను, తప్పంతా ఆమెది కాదు. మళ్ళీ జ్వరం. డాక్టరు దాన్ని రిలాప్స్ అని, అందరినీ కలిపి తిట్టాడు.

రెండోసారి జ్వరం తగ్గాక కాళ్ళు నిలవలేదు.

"మందు పని అయిపోయింది. ఇంక ఈమెకు కావలసింది ఎంకరేజ్‌మెంట్" అన్నాడు డాక్టరు. లేవాలని ఆమెకే అనిపించేటట్టు చెయ్యడమని కాంపౌండరు విడమరిచి చెప్పాడు.

ఊరంతా ధైర్యం చెప్పడానికి వచ్చింది. మా చిన్నాయన ఇదే జ్వరంతో పోయినవాళ్ళందరినీ పేరుపేరునా తలచుకుని, నీకేం కాదులే అని వెళ్ళాడు. మిగతావాళ్ళు కదలకుండా పడుకోమన్నారు. ఇక లేవనేమోనని లోపల ఒకటే భయం.

అంతలో విత్తే వాన పడింది. మా ఆయన మడక కట్టి దున్నుతుంటే వెనకే సాల్లో విత్తనం వేసేది ఎప్పుడూ నేనే. ఆ ఏడు మా ఆడబిడ్డ వేసింది. సాయంత్రం ఆయన వచ్చి నా మంచం దగ్గర కూర్చున్నాడు.

"గుట్ట కింద నేలచెక్క విత్తలేదు. అది నీకని పెట్టినా."

"వాన పదును ఆరిపోతాది గదయ్యా."

"నాలుగు దినాలు ఉంటాది. నువ్వు రాకపోతే బీడు పెడతా."

నాకు ఒళ్ళు మండింది. తడిసిన నేలను బీడు పెడతాడా? మర్నాడు గోడ పట్టుకుని గడపదాకా నడిచాను. ఆ మర్నాడు కొట్టందాకా. నాలుగోనాడు బండిలో చేనికెళ్ళి, ఒడిలో విత్తనాలు పోసుకుని సాల్లోకి దిగాను. సాలుకొకసారి కూర్చున్నాను. ఎద్దులు నాకోసం ఆగాయి. ఆడబిడ్డ సాయం వస్తానంటే రానివ్వలేదు. చివరి సాలు వేసి అక్కడే ఏడ్చాను, సంతోషంతోనే.

ఇది జరిగి రెండేళ్ళు. ఇప్పుడు రెండు కడవల నీళ్ళు ఆపకుండా మోస్తాను. జబ్బుమనిషిని చూడబోయేవాళ్ళకు నా మాట ఒకటే. డాక్టరు లేవవచ్చన్నాక, వాళ్ళ పని కాస్త ముట్టకుండా వదిలి, ఇది నీదే అని చెప్పండి. పోయిన నెల మా అత్తకు జ్వరం తగ్గినా మంచం దిగలేదు. మజ్జిగ చిలకడం ఆమె పని. మేమెవరం ముట్టుకోలేదు. మూడు రోజులు పెరుగు పులిసింది. నాలుగో రోజు మమ్మల్నందరినీ తిట్టుకుంటూ లేచి కవ్వం పట్టుకుంది.