తెప్పను లాగిన పడవ

ఇంట్లో బండలు తడిగుడ్డతో తుడిచినప్పుడు లేచే చల్లటి రాతివాసన నాకు ఇప్పటికీ పడదు. ఎవరేమనుకున్నా సరే, కిటికీలన్నీ తెరిచి, నేల ఆరేదాకా వాకిట్లోనే నిలబడతాను. అది తాండూరు గనిగుంతల వాసన.

నా చిన్నప్పుడు రాయి తీసి వదిలేసిన గుంతలు వానలకు నిండి, కందిచేలు పూతకొచ్చేనాటికి పచ్చగా, కదలకుండా పడి ఉండేవి. నిలువు గోడల మధ్యకు గాలి దిగేది కాదు. ఆడపిల్లలం గట్టున నాపరాతి పెంకులతో తొక్కుడుబిళ్ళ ఆడుతూ అరిస్తే, మా గొంతులే కాస్త ఆలస్యంగా, పెద్దవాళ్ల గొంతుల్లా తిరిగొచ్చేవి.

నాయిన గనిలో మేస్త్రీ. ఒక వానాకాలం గుంత అంచున బండ్ల బాట కూలిపోయి, కోసిపెట్టిన బండలు గుంత అవతల చిక్కుకుపోయాయి. వాటిని డ్రమ్ముల తెప్పకెక్కించి, ఆ తెప్పను లాగే పడవ చేయాలని సముద్రం ముఖమే చూడని నాయినకు పిచ్చి పట్టుకుంది. అమ్మ జొన్నరొట్టెలు కొడుతుంటే పక్కనే నేలమీద బొగ్గుతో గీసేవాడు. వెడల్పాటి రేకు పొట్ట, అడుగున బరువు, బావి దగ్గరి డీజిల్ ఇంజన్. తాడు కొక్కెం ట్రాక్టరుకు ఉన్నట్టు వెనక కాకుండా నడుమ పెట్టాడు, వెనక ఉంటే పడవ తిరగదని నీళ్ల గోలెంలో డబ్బా వదిలి చూసుకున్నాడు. అంతా బాగానే ఆలోచించాడు గానీ, ముడి మాత్రం గనివాళ్ల ముడే వేశాడు. గనిలో ముడి ఊడితే ప్రాణం పోతుంది కాబట్టి మావాళ్లు వేసే ముడి గొడ్డలికి తప్ప లొంగదు. నీళ్లమీద అది ఒక్క గుంజుకు విడిపోవాలని ఆయనకు చెప్పేవాళ్లెవరు?

"జర ఈత వచ్చినోళ్లను ఎంబడి తీస్కపోరాదు?" అంది అమ్మ.

"ఫికర్ చెయ్యకు. గిట్ల పోయి గట్ల వస్త."

మిట్టమధ్యాహ్నం అవతలి నుంచి మొదటి బండలతో బయల్దేరాడు. గుంత నడుమకొచ్చి ఇంజన్ తగ్గించాడు. తెప్ప ఆగలేదు, తన బరువుకు తానే వస్తూ పడవను దాటిపోయింది. తాడు అడ్డంగా బిగిసి పడవ ఒరిగింది. నాయిన వంగి ముడిని లాగుతూనే ఉన్నాడు. పడవ ఆయనతోనే మునిగింది. నీళ్లు మూసుకున్నాక కూడా ఇంజన్ చప్పుడు గోడల్లో కాసేపు నడిచింది.

ఈతగాళ్లు దిగారు, అడుగు అందలేదని తేలారు. నాయిన దొరకలేదు. మునిగిన పడవకు కట్టుబడిన తెప్ప మాత్రం గుంజకు కట్టిన బర్రెలా నీళ్లమీద ఉండిపోయింది. గాలే లేని ఆ గుంతలో నేను బడికి పోయేటప్పుడు తూర్పున ఉండేది, వచ్చేసరికి పడమట ఉండేది. అడుగున ఊటలుంటాయన్నారు పెద్దలు. నేనూ అదే నమ్ముతాను, అయినా ఆ దారిన ఒంటరిగా నడవలేకపోయేదాన్ని, అంత భయం. తాడు కోస్తామని వచ్చినవాళ్లకు అమ్మ అడ్డం నిలబడింది.

"కొయ్యకుండ్రి. ఆయన గీడనే ఉన్నడని చెప్పేది గదొక్కటే."

కొన్నేళ్లకు డ్రమ్ములు తుప్పుపట్టి తెప్ప కూడా దిగిపోయింది.

ఇప్పుడు పాలిష్ యూనిట్ల రాతిబురద పోసి గుంతను పూడ్చేశారు. పచ్చనీళ్లు లేవు, మా గొంతులు తిరిగొచ్చే గోడలు లేవు, ఎటు చూసినా చదునైన తెల్లనేల. మొన్న అమ్మ అడిగితే ఆటోలో తీసుకెళ్లాను. చెప్పులు విప్పి చేత పట్టుకుని నాలుగడుగులు వేసి ఆగింది.

"బిడ్డా, మీ నాయిన ఏ దిక్కున్నడే? తొక్కుతనేమో."

ఏదో ఒక చోటు చూపిస్తే సరిపోయేది. నా చెయ్యి లేవలేదు. ఎండలో అమ్మ, తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక, అలాగే నిలబడి ఉంది.