పేరు అడిగిన గురువుగారు

మా వేదాంత గురువుగారు సత్యనారాయణపురంలోని తమ ఇంట దేహం చాలించారు. నేడు శుభస్వీకారం. దుఃఖాన్ని దించుకొని శుభాన్ని తిరిగి గడపలోకి పిలవవలసిన దినం. పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

ఉపనిషత్తు చెబుతున్నంతసేపూ ఆయన ఉత్తరీయపు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండేవారు. "నేను అనేది అద్దె ఇల్లురా. గోడలకు మేకులు కొట్టకు" అనేవారు. కాఫీ చల్లారిపోతోందని ఆయన భార్య, మా అమ్మగారు, లోపలి నుంచి కేకవేస్తే, వేడీ చల్లనా రెండూ మిథ్యేనని చెప్పి, ఆ వెంటనే మళ్ళీ కాచి తెమ్మనేవారు. మేము నవ్వేవాళ్ళం.

నిరుటి వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. "నేను" అన్నది ఒకచోట ఉండే వస్తువు కాదని, మెదడు దాన్ని క్షణక్షణం అల్లుతూ ఉంటుందని, మెదడులో కుడిభాగం దెబ్బతినడంతో ఆ అల్లిక జారిందని వైద్యుడు వివరించాడు. గురువుగారు చచ్చుబడిన తమ ఎడమచేతిని చూసి, "ఎవరిదో పాపం, నా పక్కలో మరిచిపోయి వెళ్ళారు. పంపించెయ్యండి" అన్నారు. కొన్నాళ్ళకు పేరూ జారిపోయింది.

గుణదల నుంచి వచ్చిన నా సహాధ్యాయి చేతులు జోడించి, దేహాభిమానం తొలగిందని, ఇది జీవన్ముక్తేనని అన్నాడు. అమ్మగారు గురువుగారి మూతి తుడుస్తూ, "ముక్తి అయితే ఈ భయమేంటి నాయనా? నా కొంగు వదలట్లేదు చూడు" అన్నారు.

దేహం నేను కాదని జీవితమంతా వల్లించినవాళ్ళం. వదులుకోవడం వేరు, ఊడిపోవడం వేరని ఆ గదిలో తెలిసింది.

ప్రవర చెప్పి మొక్కితే, శిష్యుణ్ణి దీవించే అలవాటైనా ఆయనను ఆయనకు తిరిగి ఇస్తుందని ఆశపడ్డాను. ప్రతి ఉదయమూ వెళ్ళి, చెవులకు చేతులానించి, నా గోత్రమూ పేరూ చెప్పుకొని పాదాలు తాకేవాణ్ణి. దీవెన రాలేదు. ఒకనాడు మాత్రం నన్ను తేరిపార చూసి అన్నారు:

"నీకు పేరుంది. నాకూ ఒకటి చెప్పవయ్యా."

ఆయన ప్రవరే ఆయనకు చెప్పాను. కొత్తగా జంధ్యం వేసుకున్న వటువులా ఒక్కొక్క మాటే పలికారు. కుడిచెయ్యి చెవిని చేరింది. ఎడమచేతిని అమ్మగారు ఎత్తి రెండో చెవికి ఆనించి పట్టుకున్నారు. చివర పేరు పలికి, "బాగుంది. ఎవరాయన?" అని అడిగారు.

"మీరేనండీ" అన్నాను.

పరాయివాడి మాటను కాదనలేక ఊపినట్టు, మర్యాదగా తల ఊపారు. ఆ మర్యాదే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది. నేను చదివిన ఏ శాస్త్రమూ ఆయన భయాన్ని ఒక్క గడియైనా తగ్గించలేకపోయింది.

రాబోయే తరాల బిడ్డలారా, మీ ఎరుక సడలే వేళ మిమ్మల్ని మీ పేరుతో పిలిచే గొంతు ఒకటి మీ మంచం పక్కన ఉండుగాక. మీరు నమ్మకపోయినా అది పిలుస్తూనే ఉండుగాక.