నూట ఎనభై రెండో రోజు

2005 ఫిబ్రవరి చివరి వారం. ధర్మవరంలో పట్టుచీరల దుకాణాల వీధిలో, ఒక మేడ మీది గదిలో నా టాక్స్ ప్రాక్టీస్. మార్చి దగ్గర పడితే నా బల్ల మీద చెయ్యి ఆనించే చోటు కూడా ఉండదు. అలాంటి రోజుల్లో నాగమణి మూడు నెలల పాపను ఎత్తుకొని, వెంట తల్లిని పెట్టుకొని మెట్లెక్కి వచ్చింది.

నాగమణి చీరలకు డిజైన్లు గీస్తుంది. అంచులో నెమలి రావాలన్నా, కొంగులో మామిడి పిందె రావాలన్నా ముందు గళ్ళ కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ పోవాలి. దాన్ని మా ఊళ్ళో గ్రాఫ్ అంటారు. దాన్ని చూసే, నేతలో బొమ్మ తేల్చే జాకార్డ్ యంత్రం కోసం అట్టలకు చిల్లులు కొడతారు. పెళ్ళయి భర్తతో మస్కట్ వెళ్ళాక కూడా ఆమె ఆ పని వదల్లేదు. అక్కడ కంప్యూటర్లో గళ్ళు నింపి ఈమెయిల్ చేస్తుంది. ఇక్కడ ఆమె యజమాని హనుమంతప్ప ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుంటాడు. నెలనెలా జీతం మామూలే. గీసే మనిషి ఒక దేశంలో, నేసే మగ్గం ఇంకో దేశంలో! పదిహేనేళ్ళ ప్రాక్టీసులో అలాంటి కేసు నా గడప తొక్కలేదు. నిజం చెప్పొద్దూ, నాకు భలే హుషారు పుట్టింది.

ఆమెకు మాత్రం కంటి మీద కునుకు లేదు. ఫారిన్లో ఉండేవాళ్ళకు టాక్స్ లేదని ఎవరో చెబితే, హనుమంతప్ప రెండేళ్ళుగా ఆమె జీతంలో టీడీఎస్ కట్ చేయడం మానేశాడు. టీడీఎస్ అంటే యజమాని జీతం ఇచ్చేముందే పట్టుకొని ప్రభుత్వానికి కట్టే పన్ను. ఈ ఏడాది ఆయన ఆడిటర్ తప్పుపట్టాడు. మార్చి నెలాఖరులోగా సంగతి తేల్చుకొని రాకపోతే పనిలోంచి తీసేస్తానని హనుమంతప్ప ఆమెతో చెప్పేశాడు.

"ఈ పని పోతే మళ్ళా దొరకదన్నా. అంత దూరాన ఉండేదానికి ఇంకెవరిస్తారు?" అంది నాగమణి.

ముందు ఆమె రెసిడెంటో, నాన్ రెసిడెంటో తేలాలని చెప్పాను. పరాయి దేశంలో ఉంటూ చూసిపోవడానికి వచ్చేవాళ్ళు ఏప్రిల్ నుంచి మార్చి లోపల నూట ఎనభై రెండు రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్. ఒక్క రోజు తగ్గినా నాన్ రెసిడెంట్. పాస్‌పోర్టు తీసి చూస్తే, ఆమె కాన్పుకు వచ్చిన రోజు వేసిన ముద్ర అలుక్కుపోయి ఉంది. తేదీ ఆమెకూ గుర్తులేదు. వాళ్ళమ్మ అందుకుంది. చెరువులో నీళ్ళు లేక వినాయకుణ్ణి తోట బావిలో దించిన రోజు బిడ్డ ఇల్లు చేరిందట. చవితి అయిన మూడో నాడు. క్యాలెండర్ తిరగేస్తే సెప్టెంబర్ ఇరవై. ముద్రలో మిగిలిన సున్నాతో సరిపోయింది. ముగ్గురం వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాం. మార్చి ఇరవైకి నూట ఎనభై రెండు. పంతొమ్మిదిలోగా విమానం ఎక్కితే నాన్ రెసిడెంట్, టాక్స్ బాధ లేదని తీర్పు చెప్పేశాను.

వాళ్ళమ్మ ముఖం మాడిపోయింది. "ఏమప్పా, ఐదో నెల నిండకుండా బాలింతను మా ఇండ్లల్లో పంపం. నా బిడ్డ నా ఇంట్లో ఇంకొన్ని దినాలుంటే గవుర్మెంటుకు ఏం నష్టం?"

రూల్ అంతేనమ్మా అన్నాను, కాస్త దర్జాగానే. నాగమణి పాప వైపు చూసి, టికెట్ ముందుకు మార్పించుకుంటానంది. తల్లి విసురుగా మెట్లు దిగిపోయింది.

మరుసటి రోజు హనుమంతప్పకు ఇవ్వాల్సిన లెటర్ కోసం నాగమణి తన బ్యాంకు పాస్‌బుక్ పంపింది. తెరిచి చూశాక నా పెన్ను ముందుకు కదల్లేదు. జీతమంతా ధర్మవరం బ్యాంకులోనే పడుతోంది. నాన్ రెసిడెంట్ పరాయి దేశంలో పనిచేసి సంపాదించినా, ఆ డబ్బు మొదట చేతికందింది ఇక్కడైతే పన్ను ఇక్కడే కట్టాలి. ఆమె నూట ఎనభై రోజులున్నా, రెండొందల రోజులున్నా ఆ జీతం మీద టాక్స్ తప్పదు. మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అడగకుండా, నా తెలివి చూపించుకోవడానికి వేళ్ళు మడిచాను. మూడు నెలల పసిగుడ్డును ఊరికే విమానం ఎక్కించబోయాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఫోన్లో చెప్పే మాట కాదని వాళ్ళింటికి వెళ్ళాను. తప్పు నాదేనని, టాక్స్ కట్టక తప్పదని, ప్రయాణం మాత్రం తొందరపడక్కర్లేదని చెప్పాను. వాళ్ళమ్మకు మొదటి రెండు మాటలు వినబడ్డాయో లేదో. "అట్లయితే ఐదో నెల దాంకా ఉండొచ్చునా?" అని అడిగి, అవునన్నాక కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

పోయిన పరువు కొంతైనా దక్కించుకుందామని ఇంకో దారి చెప్పాను. ఇకమీదట జీతం నేరుగా మస్కట్‌లోని అకౌంటుకే పంపమంటే, ఆమె అక్కడ ఉండి పనిచేసినంత కాలం ఇక్కడ పన్ను పడదు. అక్కడి చట్టం సంగతి అక్కడే అడిగి తెలుసుకోవాలి. ఇలాంటి సలహాకు జనం నాకు చేతులెత్తి దండం పెడతారు. నాగమణి అడ్డంగా తలూపింది.

"ఆడుండే అకౌంటు మా ఆయన పేరుతో ఉండాదన్నా. ఆడ పడితే అవి ఇంటి దుడ్లు. ఈడ పడితే నా జీతం. టాక్స్ ఎంతో చెప్పు, కడతా."

కాగితం తీసి లెక్క కట్టి ఇచ్చాను. ఆమె పాత బకాయి వడ్డీతో సహా కట్టింది. హనుమంతప్ప మళ్ళీ టీడీఎస్ కట్ చేయడం మొదలుపెట్టాడు. పని నిలిచింది. ఏప్రిల్ చివర్లో, ఐదో నెల నిండాక, తల్లీబిడ్డలు బెంగళూరులో విమానం ఎక్కారు.

ఆ తర్వాత విదేశాల నుంచి ఎవరొచ్చినా రోజుల కన్నా ముందు డబ్బు ఎక్కడ పడుతుందని అడుగుతున్నాను. అది చట్టం నేర్పింది. అక్కడే ఎందుకు పడాలని కూడా అడిగి, అప్పుడే సలహా ఇస్తున్నాను. అది నాగమణి నేర్పింది.