పిల్ల లారీకి ఎనిమిది కడియాలు

మా ఊరి కమ్మరి రాజలింగు మామ రోజూ పొద్దున కొలిమి రాజేసి, మొదటి కాకను ఆడవాళ్ళ ఇనుముకే ఇచ్చేవాడు. ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద నీళ్ళు చల్లి, దండం పెట్టుకుని, నిప్పు ఎర్రబడగానే మొండిబారిన కత్తిపీటో, వంకరపోయిన అట్లకాడో అందులో పెట్టేవాడు. దానికి కూలి తీసుకోడు. నాగళ్ళు భుజాన వేసుకొచ్చిన రైతులు ఎంత పెద్దవాళ్ళయినా అంతదాకా బయట కూర్చోవలసిందే.

"నాగలి మొండిదైతె ఊరంత మొత్తుకుంటది. కత్తిపీట మొండిదై ఏలు తెగితె ఆమె ఒక్కతే మొత్తుకోవాలె" అనేవాడు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. అది లేకపోతే ఆయన మంచితనం నా గడప దాకా వచ్చేదే కాదు.

నా పేరు బాలమల్లు. మా ఊరు ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల పోయే తోవలో ఉంది. నాలుగో తరగతి దాకా చదివి, ఇరవై ఏళ్ళు ఎడ్లబండి తోలాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు, యుద్ధంలో వాడి వదిలేసిన పాత మోటారు ఒకటి కొన్నాను. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక సరుకు వేసే తొట్టి. అమ్మినవాడు పికప్ అన్నాడు, మా ఊళ్ళో పిల్ల లారీ అన్నారు. నేను దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, వేములవాడ రాజన్నను తలుచుకుని కొబ్బరికాయ కొట్టాను. ఇక ఎడ్లబండి ఎందుకని దాన్ని విప్పేసి, చక్రాల ఇనుప పట్టాలు రాజలింగు మామ కొలిమి వెనక పడేశాను. మోటారులో సరుకు ఎలా కట్టాలో మాత్రం ఎవరినీ అడగలేదు. ఇరవై ఏళ్ళు బండి కట్టినవాడు అడుగుతాడా?

మొదటి బేరం కుమ్మరి చంద్రవ్వది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె రెండు చేతులే ఆమెకు దిక్కు. ఎండాకాలానికి చేసిన నీళ్ళ కుండలు మంచిర్యాల అంగట్లో దించాలి. గడ్డి పరిచి కుండలు పేర్చాం. తొట్టిలో తాడు తగిలించడానికి ఒక్క కొక్కెమూ లేదు. అందుకని తాడును పక్క పలకల మీదుగా చుట్టి, వెనకవైపు మాత్రం బిగించి కట్టాను. అది బండివాళ్ళ పద్ధతి. వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు సరుకు వెనక్కి జారుతుంది, ముందుకు జారదు. ఎద్దులు ఎప్పుడైనా గబుక్కున ఆగాయా?

సగం దూరం పోయాక మేకల మంద అడ్డం వచ్చింది. అప్పుడు నేను చేసిన పని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. స్టీరింగును పగ్గంలా వెనక్కి గుంజుతూ "హో! హో! ఆగు బిడ్డా!" అని అరిచాను. మోటారుకు ఆ మాటలు ఎవరూ నేర్పలేదు. ఆఖరికి గుర్తొచ్చి బ్రేకు తొక్కితే మోటారు ఆగింది, కుండలు ఆగలేదు. రాజన్న దయవల్ల మేకలన్నీ బతికాయి.

మూడొంతుల కుండలు పెంకులయ్యాయి. నా పక్కన కూర్చున్న చంద్రవ్వ దిగి తొట్టిలోకి చూసింది. నేను తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. ఆమె పగలని కుండ ఒకటి ఏరి, దారి పక్క బావిలో నీళ్ళు తోడి నా ముందు పెట్టింది.

"తాగు బిడ్డ. నీ మొకం నా కుండల కన్న ఎక్కువ పలిగింది."

తర్వాత పెంకులు ఏరుతూ అంది: "ఇంకొక్క ఆము కుండలు కాలుస్త. మృగశిర అస్తె నీళ్ళ కుండ ఎవ్వలు కొనరు. గిది గూడ పలిగితె నా వానకాలం పస్తులే. ఎడ్లబండ్లన్ని చేన్లకు పెంట తోల్తున్నయి, బస్సోడు కుండలు ఎక్కిచ్చుకోడు. మళ్ల నీ మోటరే దిక్కు నాకు."

"మళ్ల నేనా అవ్వ?"

"నువ్వే. గని కుదురును సూడు బిడ్డ, కుండను సుట్టూర పట్టుకుంటది. ఒక్క దిక్కు పట్టుకుంటె దొర్లదా?"

మంచిర్యాలలో మోటారు మిస్త్రీని అడిగితే, కొక్కేలూ బోల్టులూ హైదరాబాదు నుంచి రావాలి, నెల పడుతుందన్నాడు. మృగశిరకు ఇరవై రోజులే ఉంది. చివరికి గుప్పెడు మేకులు పట్టుకుని రాజలింగు మామ దగ్గరికి పోయాను.

"పక్క పలకలకు గివి కొట్టి తాడు కడ్త మామ. సాలదా?"

ఆయన మోటారు కిందికి దూరి, వైద్యుడు కడుపు తట్టినట్టు చిన్న సుత్తెతో అక్కడక్కడా తట్టి బయటికి వచ్చాడు.

"అల్లుడా, నీ పక్క పలక గూడ నీ తీర్గనే ఉన్నది. సూస్తె గట్టిగ, పట్టుకుంటె ఊగుతది."

"మరెట్ల?"

"తొట్టి కింద ఇనుప దూలాలున్నయి. బరువు అవి మొయ్యాలె. వాటికి బెజ్జాలు గూడ ముందే ఉన్నయి. చేసినోడు నీ కన్న తెలివిగలోడు."

ఇనుముకు ఎక్కడికీ పోలేదు. నేను పారేసిన చక్రం పట్టాలనే వెనక నుంచి ఈడ్చుకొచ్చాడు. వాటిని నరికి, సాగగొట్టి, తాళ్ళు కట్టుకునే కడియాలు చేస్తానన్నాడు, పక్కకు నాలుగు చొప్పున ఎనిమిది. అయితే రోజుకు రెండే.

"ఒక్క దినంల కొట్టియ్యి మామ, ఎంతైన ఇస్త" అన్నాను.

"గిది నీ ఇనుము గాదు, చంద్రవ్వది. మొదటి కాకలనే అయితది. పైసలు లోపల పెట్టి తిత్తి ఊదు."

ఆ తిత్తి ఊదడం ఇదివరకు ఆయన భార్య దేవవ్వ పని. మోకాళ్ళు పట్టేసి ఆరేళ్ళుగా ఆమె అరుగు దాటి రావడం లేదు. అక్కడి నుంచే నన్ను అదిలించేది. "మెల్లగ ఊదు అల్లుడా, కొలిమా, కొంపనా నువ్వు అంటుబెట్టేది?"

నాలుగు పొద్దులు ఊదాను. కత్తిపీటలు తెచ్చిన ఆడవాళ్ళు వాటిని పక్కన పెట్టి కూర్చున్నారు. "పిల్ల లారీకి పెండ్లి కుదిరిందా బాలమల్లు, కడియాలు చేపిస్తున్నవు?" అని కిష్టవ్వ నవ్వింది. నవ్వింది గానీ, "చంద్రవ్వ కుండలు పోయినంకనే నా కత్తిపీట" అని మొండి కత్తిపీటతోనే ఇంటికి పోయింది. నాలుగు రోజులు ఆ వాడలో కూరగాయలన్నీ మొండి కత్తులకే తెగాయి. అది నా మూలానే అని నాకు గుర్తుంది.

ఒక్కొక్క కడియాన్ని వంచిన ఇనుప కడ్డీలో తొడిగాడు మామ. కడ్డీ రెండు కాళ్ళనూ తొట్టి అడుగు పలకలోంచి దూలం బెజ్జాల్లోకి దించి, కింద రేకు ముక్క వేసి, కొసలు సుత్తెతో కొట్టి పరిచేశాడు. పని లేనప్పుడు కడియం పక్కకు పడుకుంటుంది.

"లేకుంటె నీ కాలుకే తట్టుకుంటది. నీ సంగతి నాకెర్కలేదా?" అన్నాడు.

ఇక పరీక్ష. ఇంట్లో ఊరికే మేస్తున్న నా ఎద్దులను తెప్పించి, మోకుతాడును ఒక కడియానికి కట్టి లాగించాడు. కడియం కదలలేదు. మోటారే కదిలి ఎద్దుల వెంట నడిచింది. ఏ మోటారును చూసి ఎద్దులను చిన్నచూపు చూశానో, ఆ మోటారును అవి ఊరి నడిమధ్య ఈడ్చుకుపోతుంటే అందరూ చూశారు. దేవవ్వ అరుగు మీద పడిపడి నవ్వింది.

రెండో ఆము కుండలు ఎక్కించాం. నేను ఒక ముడి వేశాను. ఉట్లు అల్లే చేయి కదా చంద్రవ్వది, దాన్ని విప్పి మళ్ళీ వేసింది. మిగతా ముడుల దగ్గరికి నన్ను రానివ్వలేదు. ముందూ వెనకా, ఈ పక్కా ఆ పక్కా తాళ్ళు కడియాల్లోంచి పోయి కుదురులా పట్టుకున్నాయి. దారిలో ఒక బర్రె అడ్డం వచ్చింది. నోరు "హో" అన్నా, కాలు ముందే బ్రేకు మీదికి పోయింది. వెనక చప్పుడు లేదు. చంద్రవ్వ కళ్ళు మూసుకుని రాజన్నకు దండం పెట్టింది.

అంగట్లో ఒక్క కుండే పగిలింది. దించేటప్పుడు అది నా చేతుల్లోంచి జారింది. మిగతావి పొద్దు వాలేలోపే అమ్ముడుపోయాయి.

మర్నాడు పొద్దున కొలిమి దగ్గరికి పోయాను. మామ కిష్టవ్వ కత్తిపీట కాలుస్తున్నాడు.

"మామ, కూలి తీసుకోవు. ఏదన్న ఒక్కటి అడుగు, కాదన."

ఆయన కత్తిపీటను నిప్పులోంచి తీసి దాగలి మీద పెట్టాడు. తర్వాత అరుగు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మీ అత్త గోదారి సూడక ఆరేండ్లాయె. బస్సు మెట్లెక్కలేదు. నీ తొట్ల మంచం ఏసి, మంచం కోళ్ళు నాలుగు కడియాలకు కట్టి, మంచిర్యాలల ఒక్కపారి గోదారి తానం చేపించుకస్తవా అల్లుడా?" అన్నాడు. నేను తల ఊపేలోపే మళ్ళీ అందుకున్నాడు. "ముడులు మాత్రం చంద్రవ్వను ఎయ్యమను."